అతుకుల గీత

గీతల మాస్టారికి ఊపిరి బిగబట్టడం మీద ఉన్న నమ్మకం ఈ లోకంలో ఇంకే విషయం మీదా లేదు. బోర్డులు రాసే పనిలో నలభై ఏళ్లు నలిగిన మనిషి. అక్షరాలు ఎవరైనా రాస్తారు, గీత గీసేవాడే పెయింటరు అని ఆయన వాదన. స్కేలు ఆనించకుండా, టేపు అంటించకుండా బస్సు ఈ కొస నుంచి ఆ కొస దాకా వెంట్రుకవాసి వంకర లేకుండా గీత లాగేవాడు. అందుకే ఆయన అసలు పేరు అందరూ ఎప్పుడో మర్చిపోయి గీతల మాస్టారు అనడం మొదలుపెట్టారు. కోపం వచ్చినప్పుడు ఆయన భార్య కూడా ఆ పేరే వాడేది, కాకపోతే కాస్త సాగదీసి.

పనిలో ఆయనకు ఒకటే సూత్రం. బ్రష్షు గోడకు తగిలే ముందు నిండా ఊపిరి పీల్చాలి, బిగబట్టాలి, లాగాలి. మధ్యలో ఊపిరి వదిలితే చెయ్యి అదురుతుంది, చెయ్యి అదిరితే గీత చెడుతుంది. ఒక ఊపిరికి ఎంత గీత వస్తే అంతే. అక్కడ ఆగి, గాలి పీల్చుకుని, ఆగిన చోట వేలెడు మేర పాత గీత మీదే మళ్లీ బ్రష్షు ఆనించి ముందుకు సాగాలి. ఆ అతుకు మాత్రం కంటికి ఆనకూడదు. అతుకు కనపడితే అది గీత కాదు, కుట్టు అని కూతురికి చిన్నప్పటి నుంచీ నూరిపోశాడు. ఆ కూతురు ఇప్పుడు ఇరవై ఎనిమిదేళ్ల పెయింటరు. తండ్రి పనీ వచ్చింది, తండ్రి మొండితనమూ వచ్చింది.

అలాంటి మనిషికి ఊపిరే కరువైంది. పాతికేళ్లు కాల్చిన సిగరెట్లూ, నలభై ఏళ్లు పీల్చిన థిన్నరూ కలిసి ఊపిరితిత్తుల్ని దెబ్బతీశాయని డాక్టరు చెప్పాడు. పీల్చే మందు రాసిచ్చాడు. మందు తన పని తాను చేసింది గానీ, మాస్టారి భయానికి మందు లేకపోయింది. స్నానం చేసొస్తే ఆయాసం. చొక్కా గుండీలు పెట్టుకుంటే ఆయాసం. రాబోతోందేమో అని భయపడితే చాలు, వచ్చేసేది. చివరికి ఈ గొడవంతా ఎందుకని లేవడమే మానేశాడు. ఐదు నెలలు కిటికీ పక్క కుర్చీయే ఆయనకు ఊరూ వాడా అయింది.

ఒక మధ్యాహ్నం తన గీత బ్రష్షును, కత్తిలా వంగిన పొడవాటి మెత్తటి కుచ్చు ఉన్నదాన్ని, గుడ్డలో చుట్టి కూతురి చేతిలో పెట్టాడు. ఊపిరి ఆపలేనివాడికి ఇదెందుకు అన్నాడు. కూతురు దాన్ని తీసుకెళ్లి తన పనిపెట్టె అడుగున దాచింది, ఒక్కసారి కూడా వాడలేదు. ఆ రోజు నుంచి మాస్టారు అరవడం మానేశాడు. ముక్కు మీద కోపం ఉన్న మనిషి ఉన్నట్టుండి నెమ్మదిస్తే ఇంట్లోవాళ్లకు కాళ్లూ చేతులూ ఆడవు. భార్య నాలుగు రోజులు చూసింది. ఐదో రోజున చొక్కా తెచ్చి ఒళ్లో పడేసి, ఆస్పత్రిలో ఊపిరికి పాఠాలు చెబుతున్నారట, నడవండి అంది. ఊపిరికి పాఠాలేమిటి, పుట్టగానే వచ్చిన విద్య కదా అని ఆయన సణిగాడు. సణిగేంత ఓపిక ఉంది కదా, పదండి అని ఆవిడ ఆటో ఎక్కించింది.

పాఠాలు చెప్పేది ఒక ఫిజియో అమ్మాయి. బక్కపలచగా ఉంటుంది, గొంతు మాత్రం వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి వినపడుతుంది. కొత్తగా వచ్చినవాళ్లని ముందు కింది అంతస్తులోని పొడవాటి వరండాలో ఆరు నిమిషాలు నడిపించి, ఎంత దూరం పోగలరో రాసుకుంటుంది. వరండా గోడ పొడవునా మోచేతి ఎత్తున బొటనవేలి వెడల్పు నీలం గీత ఒకటి ఉంది. దాని పక్కనే నడవమంది. ఆయాసం వస్తే ఆగమంది, ఆగితే మార్కులు తగ్గించనంది. వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు తగిలించింది.

మాస్టారు గీతను చూశాడు. ఎవడో గాని చెయ్యి తిరిగినవాడే అనుకున్నాడు. రెండోసారి చూసేసరికి గుర్తొచ్చింది, ఆ చెయ్యి తిరిగినవాడు తనే. ఇరవై ఎనిమిదేళ్ల కిందట ఆస్పత్రి కట్టిన కొత్తలో పొద్దున్న మొదలుపెట్టి సాయంత్రానికి ఒంటిచేత్తో ముగించిన గీత. ఇంకేముంది, ఛాతీ విరుచుకుని, తన గోడ తనే తనిఖీ చేయడానికి వచ్చినవాడిలా పెద్ద పెద్ద అంగలు వేశాడు.

ఇరవై అడుగులు దాటాయో లేదో గాలి ఆడలేదు. ఎంత లాగినా లోపలికి పోదు. లోపల చోటే లేదు. కళ్ల ముందు వరండా చీకటిగా అయింది. ఇక్కడే, నా గీత పక్కనే పోతాను అనుకున్నాడు. అలా అనుకున్న కొద్దీ ఇంకా వేగంగా లాగాడు, లాగిన కొద్దీ గాలి ఇంకా తక్కువైంది. భార్య పరుగెత్తబోయింది. ఫిజియో అమ్మాయి చేయి అడ్డం పెట్టి ఆవిణ్ని ఆపి, తను వెళ్లి మాస్టారి ముంజేతులు గోడకు ఆనించింది. ముందుకు వంచింది. చెవుల దాకా ఎక్కిన భుజాలను రెండు చేతులతో కిందికి దించింది. చిన్న చేతి ఫ్యాను తీసి ముఖం మీదికి గాలి తిప్పింది.

"పీల్చకండి బాబాయి గారూ. ముందు లోపలున్నది బయటికి పంపండి. పెదాలు దగ్గరికి తెచ్చి, వేడి పాలు ఊదినట్టు, మెల్లగా. తొందరేం లేదు, నేనిక్కడే ఉన్నాను."

పీల్చడానికే దిక్కులేక చస్తుంటే ఊదమంటుందేమిటని మండిపడ్డాడు గానీ, మండిపడటానికి కూడా గాలి కావాలి కదా. ఊదాడు. కాస్తే వచ్చింది. మళ్లీ ఊదాడు, ఈసారి ఇంకాస్త. నాలుగోసారో ఐదోసారో ఊదడం పూర్తయ్యాక ఆయన ఏమీ చేయకుండానే గాలి తనంతట తాను లోపలికి వచ్చింది. ఎవరూ పిలవకుండా వచ్చింది. మాస్టారు నిర్ఘాంతపోయాడు. అరవై మూడేళ్లుగా రోజూ జరుగుతున్న ఈ సంగతిని ఆయన ఇప్పటి దాకా ఒక్కసారైనా గమనించలేదు.

అప్పుడు చూశాడు. వంగిన ముఖానికి జానెడు దూరంలో గీత ఉంది. వెలిసిపోయిన నీలంలో ఒక చోట వేలెడు మేర మాత్రం రంగు ముదురుగా ఉంది. అతుకు. ముందు తల కొట్టేసినట్టయింది, తన అతుకు ఇంతమంది తిరిగే చోట బట్టబయలుగా ఉన్నందుకు. తర్వాత విషయం తట్టింది. అక్కడ గీత మీద గీత పడింది, రంగు రెండు పూతలు. ఒక్క పూత ఉన్నదంతా ఇన్నేళ్లలో వెలిసిపోయింది, రెండు పూతలున్న చోటు నిలిచింది. తల తిప్పి ముందుకు చూశాడు. ఐదడుగుల అవతల ఇంకో ముదురు మచ్చ. దానికి ఐదడుగుల అవతల మరొకటి. వరండా చివరి దాకా అవే.

"ఇది నా ఊపిరి తల్లీ," అన్నాడు, మాట మాటకీ ఆగి. "ఇక్కడ పీల్చాను. అదిగో, అక్కడ వదిలాను. మళ్లీ పీల్చాను."

ఫిజియో అమ్మాయికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ అమ్మాయి కూడా వంగి, జానలతో ఒక అతుకు నుంచి ఇంకో అతుకు దాకా కొలిచింది. ఇంతంత దూరం ఊపిరి ఆపేవారా అని అడిగింది. మాస్టారికి ఒళ్లు గగుర్పొడిచింది. వయసులో ఉన్న తన రొమ్ము ఎంత గాలి పట్టేదో గోడ మీద రాసి ఉంది. ఆ రోజు పీల్చిన ప్రతి ఊపిరీ ఇక్కడే ఉంది, ఒక్కటీ ఎటూ పోలేదు. ఆ విస్మయంలో భయపడటం మర్చిపోయాడు. తర్వాతి అతుకు ఎలా ఉందో చూద్దామని నడిచాడు, అక్కడ ఆగి ఊదాడు, మళ్లీ నడిచాడు. ఆరు నిమిషాలు అయ్యేసరికి ఎనిమిదో అతుకు దగ్గరున్నాడు.

వారానికి రెండు రోజులు పాఠాలు. మాస్టారు ఇప్పుడు భార్యకంటే ముందు తయారై గుమ్మంలో నిలబడుతున్నాడు. ఊపిరి సంగతి అటుంచి, ఆయనకు తన గీతను చివరిదాకా చదవాలని ఉంది. మొత్తం నలభై మూడు అతుకులు. వాటి మధ్య ముక్కల్లో పొద్దున గీసినవి ఐదున్నర అడుగులు కూడా ఉన్నాయి, సాయంత్రపువి నాలుగుకు దిగాయి. ఇరవై రెండోది మాత్రం మరీ విచిత్రం, నిండా అడుగున్నర కూడా లేదు. దాని ముందు తల గోక్కుంటూ నిలబడితే వెనక నుంచి భార్య వచ్చి చూసింది. ఆవిడకు వెంటనే గుర్తొచ్చింది. ఆ రోజు క్యారియరు ఒక చేత్తో, మూడు నెలల కూతుర్ని భుజాన వేసుకుని ఆవిడ ఈ వరండాలోకి అడుగుపెట్టగానే ఆ పిల్ల గోడలు అదిరేలా ఏడ్చిందట. ఈయన బిగబట్టిన ఊపిరి కాస్తా వదిలేసి వెనక్కి తిరిగాడట. తిట్టి ఉంటానే అన్నాడు మాస్టారు.

"లేదండీ, నవ్వారు," అంది భార్య. ఆ అడుగున్నర గీత మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉంచింది.

పాఠాలు సాగుతున్నాయి గానీ, ఒక చిక్కు మాత్రం ఎంతకీ తెగలేదు. నడిచేటప్పుడు చక్కగా ఊదుతాడు, కుర్చీలోంచి లేస్తే మళ్లీ ఆయాసం. ఫిజియో అమ్మాయి ఒకరోజు తన పెన్ను నేల మీద పడేసి తీసిపెట్టమంది. ఆయన వంగి తీసిచ్చాడు. ఊపిరి ఎందుకు ఆపారు అని అడిగింది. ఆపలేదే అన్నాడు. మళ్లీ పడేసింది. మళ్లీ వంగాడు, ఈసారి తనకే తెలిసింది, పెదాలు బిగుసుకున్నాయి, ఛాతీ రాయిలా ఉంది. పక్కన కూర్చున్న భార్య ఇంక ఉండబట్టలేక, ఈయన గుండీ పెట్టుకున్నా అంతే, సూదిలో దారం ఎక్కించినా అంతే, చెంబెత్తినా అంతే, పెళ్లయిన కొత్తలో చూసి నేనే భయపడ్డాను అని మొత్తం చిట్టా విప్పింది. చేతికి ఏ పని తగిలినా ఊపిరి ఆగడం ఆ వొంటికి అలవాటైపోయింది. నలభై ఏళ్లు గర్వంగా నేర్చిందీ, నేర్పిందీ ఇప్పుడు పీక నొక్కుతోంది.

"బలం పెట్టేటప్పుడు ఊదండి బాబాయి గారూ," అంది ఆ అమ్మాయి. "లేవబోయే ముందు పీల్చుకోండి, ఊదుతూ లేవండి. వంగేటప్పుడు ఊదండి. మీ చేతులు పని చేస్తుంటే ఊపిరి బయటికి పోతూ ఉండాలి."

అంటే చెయ్యి కదిలేటప్పుడు ఊపిరి వదలాలి. మాస్టారు ఇంటికొచ్చే దారంతా ఇదే మాట నమిలాడు. ఆయన దృష్టిలో ఇది దాదాపు బూతు.

అదే నెలలో ఆస్పత్రివాళ్లు వరండాను ఇంకో ఇరవై నాలుగు అడుగులు పొడిగించి, ఊపిరి పాఠాల గదిని ఆ చివరికి మార్చారు. కొత్త గోడ మీద గీత లేదు. నీలం గీత పాత గోడ అంచు దాకా వచ్చి ఆగిపోయింది. దాన్ని కొనసాగించే పని కూతురికే వచ్చింది. ఆ సంగతి భోజనాల దగ్గర చెప్పి, తండ్రి ముఖం వైపు చూడకుండా పళ్లెం తీసుకుని లేచింది. మాస్టారు మంచిదే అన్నాడు. కానీ ఆ రాత్రి ఆయనకు అన్నం సయించలేదు. ఆ ఇరవై నాలుగు అడుగులు ఆయన గీతే. దాని మొదలు ఆయన గీశాడు, కొస ఇంకొకరు గీస్తే, ఆ ఇంకొకరు కన్న కూతురైనా సరే, తను ఉండగానే తన పని ముగిసినట్టు.

మర్నాడు పొద్దున్న ఇంట్లో ఎవరూ లేకుండా చూసి పాత క్యాలెండరు కాగితాలు తిరగేసి గోడకు వరసగా అంటించాడు. మామూలు బ్రష్షు నీళ్లలో ముంచాడు. అలవాటుగా ఊపిరి బిగబట్టి లాగాడు. జానెడు దూరం పోయేసరికి గుండె దడదడలాడి, చెయ్యి వణికి, దగ్గు తెరలుగా వచ్చింది. బ్రష్షు జారి కింద పడింది. గోడకు ఆనుకుని ఊదుకున్నాడు. సర్దుకున్నాక కాసేపు ఆ తడి జానెడు ఆరిపోతుంటే చూస్తూ నిలబడ్డాడు. పరువు ఎలాగూ పోయింది, చూసేవాళ్లూ లేరు, ఈ ఒక్కసారి ఆ ఫిజియో పిల్ల చెప్పినట్టే చేసి చూద్దాం అనుకున్నాడు. ఊదుతూ కిందికి వంగి బ్రష్షు తీశాడు. పీల్చాడు, కాగితానికి ఆనించాడు, పెదాలు దగ్గరికి తెచ్చి వదులుతూ లాగాడు.

చెయ్యి అదరలేదు. అదురుతుందని నలభై ఏళ్లుగా అనుకున్న చెయ్యి, ఊపిరితో పాటే జారుతూ పోయింది, ఊపిరి ఎంత నిదానంగా పోతే అంత నిదానంగా. లోపల గాలి అయిపోవస్తుంటే గీత దానంతట అదే సన్నగా ఆగింది. రెండడుగులు ఉంటుందేమో. మాస్టారు దాన్ని చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్లూ శత్రువని గొంతులో కట్టేసి ఉంచినది అసలు చేతిని పట్టుకుని నడిపించేదని ఎవరికి తెలుసు? ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనక గుమ్మంలో అలికిడైంది. ఎంతసేపటి నుంచి ఉందో గాని కూతురు నిలబడి ఉంది. పనిపెట్టె తెరిచి, అడుగు నుంచి గుడ్డలో చుట్టినది తీసి తండ్రి చేతిలో పెట్టింది.

ఆ గీత మాస్టారే గీస్తానంటే డాక్టరు ఊరికే ఒప్పుకోలేదు. నీళ్లలో కలిపే, వాసన లేని రంగే వాడాలి. కిటికీలన్నీ తెరవాలి. పీల్చే మందు జేబులో ఉండాలి, ఫిజియో అమ్మాయి పక్కనే ఉండాలి, అలసట అనిపిస్తే అక్కడికక్కడ ఆపాలి. మాస్టారు అన్నిటికీ తలాడించాడు. జీవితంలో ఆయన ఇన్ని షరతులకు ఒకేసారి తలాడించడం భార్య అదే మొదటిసారి చూడటం. కూతురు చక్రాల స్టూలు ఒకటి సంపాదించింది. ఆయన దాని మీద కూర్చుంటే, వెనక నుంచి మెల్లగా జరపడం కూతురి పని.

పాత గీత చివర, వెలిసిన నీలం మీద వేలెడు మేర బ్రష్షు ఆనించాడు. పీల్చాడు. ఊదుతూ లాగాడు. కూతురు తండ్రి పెదాల చప్పుడు విని ఆ లెక్కనే స్టూలు జరిపింది. చప్పుడు ఆగితే ఆగింది, మొదలైతే కదిలింది. వరండాలో అటూ ఇటూ పోయేవాళ్లు ఆగి చూశారు. ఆ వరండాలో అప్పుడు వినపడింది ఒక ముసలాయన ఊదే చప్పుడు, చక్రాల చప్పుడు అంతే. మధ్యలో మూడుసార్లు పూర్తిగా ఆపి, ముందుకు వాలి, మోచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని సేదతీరాడు. ఫిజియో అమ్మాయి వేలి క్లిప్పు చూసి సరే అన్నాక మళ్లీ ఎత్తుకున్నాడు. గంటన్నర పట్టింది ఇరవై నాలుగు అడుగులకు. వయసులో అయితే ఇందులో సగం చాలు. ముగించాక బ్రష్షు కూతురికి ఇచ్చి, తన చేతిని తానే తిప్పి తిప్పి చూసుకున్నాడు, వేరే ఎవరిదో అయినట్టు.

కూతురు గీత వెంట నడుస్తూ వెనక్కి వచ్చింది. రెండడుగులకొకటి చొప్పున అతుకులు కనపడుతున్నాయి. రంగు రెండు పూతలు పడిన చోట ముదురుగా ఉంది, వేలు పెడితే సన్నటి గట్టులా తగులుతోంది. ఆ పిల్ల చిన్న బ్రష్షు తీసింది. తడి ఆరక ముందే సరిచేస్తాను నాన్నా అంది.

"వదిలెయ్యమ్మా," అన్నాడు మాస్టారు. "కనపడనీ."

అతుకు కనపడితే కుట్టు అన్న మనిషి నోటి నుంచి ఆ మాట వినేసరికి కూతురు బ్రష్షు ఎత్తిన చోటే ఆపేసింది. ఎందుకని అడిగితే ఆయనకూ తెలియదు. ఆ పాత ఊపిరులు నిలిచినట్టే ఇవీ ఇక్కడ నిలవాలనిపించింది, అంతే.

తర్వాతి వారం పాఠానికి ఒక బస్సు డ్రైవరు కొత్తగా వచ్చాడు. బుర్ర మీసాలు, భారీ మనిషి. మాస్టారు, భార్య గది బయట బల్ల మీద కూర్చుని ఉండగా డ్రైవరు వరండా ఆ చివర నడక మొదలుపెట్టాడు. ఎడమ చెయ్యి గీత మీద ఆనించుకుని, పెద్ద పెద్ద అంగలతో, మొదటి రోజు మాస్టారు చేసిన తప్పే చేస్తూ. పాత గోడ దాటేలోపు నాలుగుసార్లు ఆగాడు, ముఖం నల్లబడింది. ఫిజియో అమ్మాయి వాలడం నేర్పింది, ఊదడం నేర్పింది. ఊదుతున్నాడు గానీ నడకకూ ఊపిరికీ పొత్తు కుదరడం లేదు. ఎక్కడ పీల్చాలో, ఎక్కడ వదలాలో తెలియక తికమకపడుతున్నాడు.

అలాగే కొత్త గోడ దగ్గరికి వచ్చాడు. వేళ్లకు సన్నటి గట్టు తగిలింది. అక్కడ పీల్చాడు. ఊదుతూ రెండు చిన్న అడుగులు వేశాడు. మళ్లీ గట్టు తగిలింది, మళ్లీ పీల్చాడు. మాస్టారు బల్ల మీద నిటారుగా కూర్చున్నాడు. ఆ డ్రైవరుకు ఎవరూ ఏమీ చెప్పలేదు. కానీ ఆయన మాస్టారి ఊపిరి వెంటే నడుస్తున్నాడు, ఒక్క అతుకు కూడా తప్పకుండా. ఐదడుగుల ఊపిరిని అందుకోలేనివాడు ఈ రెండడుగుల ఊపిరిని అందుకున్నాడు. ఇరవై నాలుగు అడుగులూ ఎక్కడా ఆగకుండా వచ్చాడు. గది గుమ్మం పట్టుకుని నిలబడి, తనే నమ్మలేనట్టు వెనక్కి చూశాడు.

"ఇక్కడెందుకో సులువుగా ఉందమ్మా," అన్నాడు ఫిజియో అమ్మాయితో. "ఈ గోడ దగ్గర."

ఆ అమ్మాయి మాస్టారి వైపు చూసింది. భార్య కూడా చూసింది, ఏమైనా అంటాడేమోనని. డ్రైవరుతో పాటు మొదటి గట్టు దగ్గర ఊదడం మొదలుపెట్టిన మాస్టారు, పెదాలు దగ్గరికి తెచ్చి, ఇంకా ఊదుతూనే ఉన్నాడు.